డ్రమ్ము ఆగిన పాట

బెంగళూరులో చిక్కపేట మెట్రో స్టేషన్ బయట ఒక ఫోన్ల కొట్లో నిన్న ఆ పాట వినబడింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

చిన్నప్పుడు మా ముందుగదిలో రెండు మరమగ్గాలు ఆడేవి. లోపల, కాలేజీకి వెళ్ళే మా అత్త ఆ పాట ఉన్న క్యాసెట్ పెట్టేది. స్పానిష్‌లో పాడే ఒకామె మొదటిసారి ఇంగ్లీషులో చేసిన ఆల్బమ్ అది. సగం పాప్, సగం రాక్. మగ్గాల మోతలో వినబడాలని అత్త సౌండు పూర్తిగా పెంచేది. ఆ మోత కూడా పాటలోని డ్రమ్మే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ డ్రమ్ము ఆగిపోయింది. గోడల అదురు ఆగింది. క్యాసెట్లో ఆమె గొంతు ఒక్కటే ఇల్లంతా తిరుగుతోంది.

"అత్తా, టేపు చెడిపోయిండాది!" అని అరిచాను.

అత్త ముందుగది వైపు చూసింది. ముందుగదిలోకి పరిగెత్తాను. నాయన సగం నేసిన చీర మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు.

"నూలు అయిపోయిందా నాయనా?"

"ఉండాది," అన్నాడు, నావైపు చూడకుండా. రోజూ ఆ గోల ఆపమని తిట్టే మనిషి, "పాట ఆపొద్దని చెప్పుపో మీ అత్తకి," అన్నాడు.

మర్నాడు పాత ఇనుము కొనేవాళ్ళు మగ్గాలు విప్పి ట్రాక్టర్ మీద తీసుకుపోయారు.

నిన్న పాట చివరిదాకా విన్నాను. ఇప్పటికీ అది నాకు చెడిపోయినట్టే వినబడుతుంది.