అగ్వాంతా అంటే

మొన్న మధ్యాహ్నం బహదూర్‌పల్లిలో, నేను పెంచిన మా అక్క కూతురి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, పక్క గదిలో మనవరాలు ఫోను ముందు పెట్టుకుని వల్లె వేస్తున్న స్పానిష్ మాటల్లోంచి ఒకటి వచ్చి నా చేతులను ఆపేసింది. కొత్త ఉద్యోగం కోసం ఆ పిల్ల ఆ భాష నేర్చుకుంటోంది.

"అగ్వాంతా అంటే ఓర్చుకో అని అర్థమంట అవ్వా" అంది. అవునన్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, శామీర్‌పేట దాటాక, కరీంనగర్ రోడ్డుకు కాస్త లోపలగా, మామిడి తోటల నడుమ కాన్వెంటు సిస్టర్లు నడిపిన చిన్న ఆస్పత్రి ఒకటి ఉండేది. నర్సు చదువు ముగించి నేను మొదట చేరింది అక్కడే. పెద్ద సిస్టరమ్మది స్పెయిన్ దేశం. తెలుగు చక్కగా మాట్లాడేది గానీ, తొందరలో మాత్రం ఆమె నోట సొంత భాషే వచ్చేది. సెలైను సీసా నా చేతికిచ్చి "అగ్వాంతా" అంటే పట్టుకోమని కాబోలనుకున్నాను. సూదికి ఏడ్చే పసివాడి వీపు నిమురుతూ అదే మాట అంటే ఓర్చుకోమని అనుకున్నాను. కదలబోతున్న జీపు డ్రైవరుకు కిటికీలోంచి అదే కేక వేస్తే అతను ఆగేవాడు. ఉండబట్టలేక ఒకసారి అడిగితే, నవ్వి, అన్నీ నిజమే అంది; ఇంటి బరువు మోసే దూలానికీ, బాధ మోసే మనిషికీ వాళ్ళకు ఒకటే మాటట. ఎండల్లో కరెంటు పోయినప్పుడు కుర్చీలో కూలబడి "నో అగ్వాంతో" అనేది, అంటే ఇక నా వల్ల కాదని. మేము కూడా అదే మాట అంటూ నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడు వానలు విడవకుండా కురుస్తున్న రోజుల్లో మా అక్క కాన్పుకు అక్కడికే వచ్చింది. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. కానీ అక్కకు రక్తం ఆగలేదు. మా దగ్గరున్న మందులన్నీ అయిపోయాయి. రక్తం ఎక్కించాలంటే పట్నం పోవాలి. జీపులో పడుకోబెట్టి బయలుదేరితే, వాగు పొంగి రోడ్డును కప్పేసి ఎర్రగా పారుతోంది. డ్రైవరు నీళ్ళలోకి దిగి, నడుము లోతు కాగానే వెనక్కి వచ్చాడు.

"పోలేం సిస్టరమ్మా, జీపు కొట్టుకపోతది."

అప్పటిదాకా అక్క పొత్తికడుపును పిడికిలితో అదిమి పట్టుకున్న సిస్టరమ్మ, తన చేతులు సత్తువ తప్పాక నా చేతులను అక్కడ పెట్టించి "అగ్వాంతా" అంది. బలమంతా పెట్టి అదిమాను. మాతో జీపులో వచ్చిన బావ నీళ్ళ అంచున నిలబడి, ట్రాక్టరు తెమ్మని అవతలి గట్టు వాళ్ళకు గొంతు పగిలేలా అరుస్తున్నాడు. ఆ హోరులో ఎవరికీ వినబడటం లేదు. అక్క కళ్ళు తెరిచింది.

"సల్లగయితాంది చెల్లె, ఇడువకే."

విడవనన్నాను. ప్రభువును వేడుకున్నాను, ఆ నీళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను, మళ్ళీ వేడుకున్నాను. నీళ్ళు తగ్గలేదు. నా చేతుల కింద ఊపిరి కదలడం ఆగిపోయాక కూడా అదుముతూనే ఉన్నాను. అప్పుడు సిస్టరమ్మ నా మణికట్లు పట్టుకుని, అంతటి ఆపదలోనూ తెలుగులోనే అంది.

"ఇగ ఇడువు బిడ్డా."

సిస్టరమ్మ కొన్నేళ్ళకు తన దేశం వెళ్ళిపోయింది. ఆస్పత్రి ఉన్న చోట ఇప్పుడు విల్లాలు లేచాయి. వాగు మీద ఎత్తయిన వంతెన వచ్చింది, ఎంత వాన కురిసినా అంబులెన్సులు ఆగవు, ఎవరూ గట్టున నిలబడి అరవరు. సంతోషమే. అయితే ఆ దారిన బస్సులో పోతుంటే, కండక్టరు టికెట్టు చేతికిచ్చేలోపే ఆ చోటు దాటిపోతుంది. ఇంతేనా, ఇంత చిన్న దూరానికా అక్కను పోగొట్టుకున్నాం అనిపించి, వెనక్కి తిరిగి చూసేసరికి వంతెన కూడా కనబడదు.