నాకు పట్టిన ఇంగ్లండు దయ్యం

పందొమ్మిదేళ్ళప్పుడు నాకు దయ్యం పట్టింది. నేనంటున్న మాట కాదు, మా నాన్న తేల్చిన మాట. మా గుంటూరు వైపు దయ్యాలు చింతచెట్ల మీంచో పాడుబడ్డ బావుల్లోంచో వస్తాయి. నాది ఇంగ్లండు నుంచి ఫోన్లోకి, ఫోన్లోంచి దేశ రాజధానిలోని మయూర్ విహార్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్లోకి వచ్చింది.

అదొక పాటల ఆల్బమ్. అక్కడి నలుగురు కుర్రాళ్ళు బ్యాండు కట్టి చేసిన మొదటిది. కాలేజీలో సీనియర్ ఒకమ్మాయి వినమని పంపింది. అందులో పెద్ద గోలేమీ ఉండదు. చూరు నుంచి నీళ్ళు కారినట్టు గిటారు ఆగి ఆగి మోగుతుంటే, పాడేవాడు మంచం మీంచి లేవడానికి ఓపిక లేనట్టు పాడతాడు. ఇప్పుడు వింటే రెండు మూడు పాటలు మరీ సాగదీశారనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకూ మంచం మీంచి లేచే ఓపిక లేదు. తలంటుకోవడం మానేశాను. అన్నం కంచం పక్కకి జరిపేసేదాన్ని. సెమిస్టర్ పరీక్షలకని మెట్రో స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఎందుకని అందరూ అడిగేవాళ్ళు. ఆ పాటలు మాత్రం ఏమీ అడిగేవి కావు. పొద్దున పెడితే సాయంత్రం దాకా అవే.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో దిగులుకి చోటు లేదు. అక్కడివన్నీ చప్పట్ల పాటలు. మొహం వేలాడేసుకుని కనిపిస్తే విశ్వాసం తగ్గిందనేవాళ్ళు. మా నాన్న ఆ సంఘానికి పెద్ద. బయట ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేసేవాడు గానీ ఇంట్లో జడ్జీ ఆయనే, పోలీసూ ఆయనే. అమ్మ మరో ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. వార్డులో అందర్నీ హడలగొట్టే మనిషి, ఇంట్లో ఆయన ముందు నోరు మెదిపేది కాదు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు నాన్న ఇంతెత్తున లేచాడు. ఆ పాటల వల్లే నేనిలా తయారయ్యానని, ఆల్బమ్ మీదున్న నల్లబొమ్మే ఆ సంగతి చెప్తోందని అన్నాడు. పాట మోగుతున్న నా బ్లూటూత్ స్పీకర్ తీసి గోడకేసి కొట్టాడు. అది పగల్లేదు సరికదా, కింద పడి కూడా పాడుతూనే ఉంది. దాంతో ఆయనకి పిచ్చెక్కింది. బాల్కనీలోంచి సుత్తి తెచ్చి దాన్ని నుగ్గునుగ్గు చేసి, అదే ఊపులో ఛార్జర్ వైరు అందుకుని నా వీపు చీరేశాడు. నేను స్టీలు చెంబు విసిరాను. గురి చూసే విసిరాను, అబద్ధమెందుకు. ఆయన కనుబొమ చిట్లి రక్తం బనీను మీదికి కారింది. ఇక చెప్పేదేముంది, తండ్రినే కొట్టిన పిల్లకి దురాత్మ పట్టిందన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నా ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో విడుదల ప్రార్థన పెట్టారు. దయ్యాలని వెళ్ళగొట్టే వరం ఉందని పేరున్న పాస్టర్ గారొకరు ఫరీదాబాద్ నుంచి వచ్చారు. సోఫాలు గోడకి జరిపి నన్ను చాప మీద కూర్చోబెట్టారు. సంఘంలోని ఇద్దరు ఆంటీలు చెరో చెయ్యీ పట్టుకున్నారు. కాళ్ళు పట్టుకునే పని అమ్మకిచ్చారు. పాస్టర్ గారు అరచేతినిండా నూనె పోసుకుని నా నెత్తిన పెట్టి వెనక్కి నెట్టారు. లేచాను. మళ్ళీ నెట్టారు. జుట్టు పట్టుకుని ఊపారు, చెంప పగలగొట్టారు. ఆ దెబ్బ నాకు కాదట, లోపల ఉన్నదానికట. నా చెంపకి ఆ తేడా తెలియలేదు. ఆయన బొటనవేలు నోటి దగ్గరికి రాగానే కసుక్కున కరిచాను, వదల్లేదు. ముందు నూనె రుచి, తర్వాత రక్తం. కరిచిందంటే బయటపడుతున్నట్టేనని అందరూ స్తోత్రం స్తోత్రం అని అరిచారు.

ఆ అరుపులకి పక్క ఫ్లాటు పంజాబీ ఆంటీ వచ్చి తలుపు కొట్టింది. సబ్ ఠీక్ హై నా, అంతా బానే ఉందా అని అడిగింది. నాన్న తలుపు కాస్త తీసి పూజా చల్ రహీ హై, పూజ నడుస్తోంది అన్నాడు. ఆయన నోట పూజ అన్న మాట వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

తర్వాత పాస్టర్ గారు నా మెడ వంచి, నీ పేరేంటి, నీ పేరేంటి అని లోపలివాణ్ణి గద్దించారు. నాకు మండిపోయి బ్యాండు పేరు చెప్పాను. వెటకారానికే చెప్పాను. ఆయన కాస్త తికమకపడి, ఆ పేరుని ముక్కలు చేసి పలుకుతూ, ఈ బిడ్డని వదిలి నీ దేశానికి ఫో అని ఆజ్ఞాపించారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అదే గుర్తు, విడుదలైపోయిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ టీ పెట్టడానికి లేచింది.

మర్నాడు చూసుకుంటే మణికట్లు కమిలి నల్లబడ్డాయి. చీలమండల మీద ఒక్క మచ్చ లేదు. పెనుగులాడేవాళ్ళని దెబ్బ తగలకుండా పట్టుకోవడం అమ్మకి ఉద్యోగంలో అలవాటు. అది చూసి అమ్మ మీద నాకు ఇంకా కోపమొచ్చింది. అంత తెలిసినావిడకి నాకేమైందో తెలీదా?

విడుదలైనవాళ్ళు తర్వాతి వారం ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. లోకపు పాటలు నన్ను బంధించాయని, ఇప్పుడు ఎంతో సంతోషంగా ఉన్నానని చెప్పమని నాన్న వారమంతా వల్లె వేయించాడు. చెప్తే ఫోన్ ఇస్తానన్నాడు. పాటలు ఆగిపోయాక నా తలలో ఒక్క మాటే మిగిలింది. చచ్చిపో, చచ్చిపో అని. అది ఎవరికైనా చెప్పకపోతే ఇంకో వారం ఉండనని నాకు తెలుసు.

అద్దెకి తీసుకున్న స్కూలు హాల్లో మా ఆరాధన జరిగేది. నా వంతు రాగానే మైకు తీసుకున్నాను.

"నాలో దయ్యం లేదు," అన్నాను. "ఆ పాటలు వింటున్నంతసేపూ చచ్చిపోవాలనిపించేది కాదు. ఇప్పుడు అవి కూడా లేవు."

మైకు ఆపేశారు. కీబోర్డు దగ్గరున్నాయన హడావిడిగా పాట ఎత్తుకున్నాడు. నాన్న నా జడ పట్టుకుని బయటికి, మెట్ల దాకా ఈడ్చుకెళ్ళాడు. నుదురు ఇనుప కమ్మీకి కొట్టుకుని చిట్లింది. పరువు తీశావే, పరువు తీశావే అంటూ ఎక్కడ తగులుతోందో చూడకుండా కొడుతున్నాడు. నేను అందినచోటల్లా రక్కుతున్నాను. అమ్మ ఎప్పుడొచ్చిందో గానీ మా ఇద్దరి మధ్యకీ దూరింది. ఆయన ఎత్తిన చెయ్యి ఆవిడ మొహం మీద పడింది. కళ్ళజోడు ఎగిరి మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయింది. ఆవిడ అటు చూడనైనా లేదు.

"పక్కకి జరగండి," అంది. "పేషెంటుని చూడాలి."

నాన్న జరిగాడు. పెళ్ళాం మాటకి ఆయన జరగడం నేను చూసింది అప్పుడే. మొండిదాన్ని, పొగరుబోతుని, దయ్యం పట్టినదాన్ని, అప్పటిదాకా నాకు చాలా పేర్లే పెట్టారు. పేషెంటు అనగానే రక్కడానికి ఎత్తిన చేతులు దించేశాను. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

అమ్మ పక్కన కూర్చుని కొంగుతో నా నుదురు అదిమిపట్టింది. లోపల చప్పట్ల పాట జోరందుకుంది. చచ్చిపోవాలని ఎప్పట్నుంచి అనిపిస్తోందని అడిగింది, జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినంత మామూలుగా. పరీక్షలప్పట్నుంచి అన్నాను. నిద్ర పడుతోందా అంది. లేదన్నాను. నిన్న ఏం తిన్నానో అడిగింది. ఇంట్లో ఒంటరిగా ఉంటే భయమేస్తోందా అని అడిగింది, వేస్తోందన్నాను. రేపు తన ఆస్పత్రిలో డాక్టరుకి చూపిస్తానని, అప్పటిదాకా నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళనని చెప్పింది. అడగాల్సినవన్నీ అడిగి, చెప్పాల్సినవన్నీ చెప్పాక, అప్పుడు ఏడ్చింది.