రాగి కానీ తెల్లబడిన రోజు

1957 వేసవిలో నన్ను విశాఖపట్నం జిల్లాకు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మందుల దుకాణాలు తనిఖీ చేయడం, నమూనాలు తీయడం, నాసిరకం సరుకు అమ్మేవాళ్ళ మీద కేసులు పెట్టడం నా పని. హోదా మరీ పెద్దదేమీ కాదు. నా దృష్టిలో మాత్రం కలెక్టరుకు ఒక్క మెట్టు దిగువన ఉండేవాణ్ణి. నెత్తిన సోలా టోపీ, చేతిలో తోలుసంచి, సంచిలో లక్క, ఇత్తడి ముద్ర, ఫారాల కట్ట. మొదటిసారి చోడవరంలో బస్సు దిగి, పక్కనున్నాయనకు నా ఉద్యోగం పేరు చెప్పగానే, అక్కడ కల్లు అమ్ముతున్న ఇద్దరు కుండలతో సహా మాయమయ్యారు. నన్ను ఎక్సైజువాడనుకున్నారని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం అది నా ముఖంలోని తేజస్సు మహిమే అనుకున్నాను.

నన్ను పిలిపించినవారు అక్కడి ఆసుపత్రి డాక్టరుగారు. ఆయన దగ్గరికి సువార్తమ్మ అనే మిషన్ స్కూలు టీచరు వస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కాళ్ళూ ముఖమూ వాచాయి. మూత్రం కాచి చూస్తే పరీక్షనాళిక అడుగున తెల్లగా గడ్డకట్టింది. అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అర్థం. కారణం వెతగ్గా వెతగ్గా ఒక ఫేస్ క్రీము బయటపడింది. ఏడాదిగా పొద్దున్నా రాత్రీ రాస్తోంది. ఒంటిని తెల్లబరిచే ఆ రకం క్రీముల్లో కొన్నిటిలో పాదరసపు లవణం ఉంటుంది. అది చర్మం గుండా దిగి లోపలి అవయవాలను తింటుంది. డాక్టరుగారు మానమంటే ఆవిడ మానలేదు. ముఖం నిజంగానే తెల్లబడింది. పైగా ఆ వాపు చూసి ఊళ్ళో ఆడవాళ్ళు, టీచరమ్మ ఈమధ్య నిండుగా తయారైందని మెచ్చుకుంటున్నారు. ఇలాగే రాస్తూ పోతే ఆవిడ బతకదని డాక్టరుగారు నాతో పొడిగా చెప్పారు.

ఆ క్రీము అమ్మేది అప్పలనాయుడు. రంగూన్లో చాలాకాలం కొట్టు నడిపి, యుద్ధం రోజుల్లో తిరిగొచ్చి, బెల్లం బజారు పక్కన ఫ్యాన్సీ సరుకుల దుకాణం పెట్టుకున్నాడు. నేను టోపీ సర్దుకుని, సంచి బల్లమీద చప్పుడయ్యేలా పెట్టి, క్రీము డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మూతమీద గులాబీ పువ్వు, విదేశీ సరుకు అన్న మాట. అంతే. ఇందులో ఏముందో ఎక్కడా లేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో మా చట్టం మందులకే వర్తించేది. ముఖానికి రాసుకునే స్నోలు, పౌడర్లు, క్రీములు దాని పరిధిలో లేవు. అయితే ఏ జబ్బుకైనా పనిచేస్తుందని చెప్పి అమ్మితే మాత్రం అదే క్రీము మందు అయిపోతుంది. అప్పుడు నేను ధర చెల్లించి నమూనా కొని, భాగాలు చేసి, లక్కముద్ర వేసి, ఒకటి వ్యాపారికి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకుడికి, ఒకటి కోర్టుకు పంపవచ్చు. కాబట్టి నాకు కావలసింది అప్పలనాయుడి నోట ఒక్క మాట.

"ఇది మంగుమచ్చలకి పనిచేస్తుందని చెబుతావు కదా?" అన్నాను.

"లేదండి బాబూ. నేనెందుకు సెప్తానండి? మంగుకి డాక్టరు దగ్గరికెల్లమంటాను."

"గజ్జికో, తామరకో?"

"ఆయమ్మో! తామర మీద రాస్తే మండిపోద్ది బాబూ. ఇది ఒట్టి సోకుకేనండి. దేనికీ పనిసెయ్యదు."

నా ఉద్యోగమే లేనిపోని గుణాలు చెప్పి సరుకు అమ్మేవాళ్ళను పట్టుకోవడం. అలాంటి నేను, ఒక నిజాయితీపరుడైన దుకాణదారుణ్ణి పట్టుకుని, నాయనా ఒక్క అబద్ధమాడు అని గంటసేపు బతిమాలాను. అతను ఆడలేదు. చివరికి జాలిపడి సోడా తెప్పించాడు.

విశాఖపట్నం తిరిగొచ్చి ఇంకో ఉపాయం ఆలోచించాను. పోర్టులో పనిచేసే మిత్రుడొకరు ఓడ సిబ్బంది ద్వారా అదే కంపెనీ డబ్బా అమెరికాలో అమ్మేది ఒకటి సంపాదించి పెట్టారు. అప్పలనాయుడు రంగూన్ నుంచి తెచ్చుకున్న పాత డబ్బా ఒకటి అడిగి పుచ్చుకున్నాను. అతని దుకాణంలో కొన్న డబ్బాతో కలిపి మూడూ బల్లమీద వరసగా పెట్టుకుని చూశాను. గులాబీ ఒకటే, రంగు ఒకటే, వాసన ఒకటే. అమెరికా డబ్బామీద మాత్రం పాదరసపు లవణం ఉందని, ఎక్కువకాలం వాడవద్దని, దద్దురు వస్తే ఆపేయమని వివరంగా అచ్చువేశారు. ఆ దేశంలో ఇలాంటి క్రీమును మందుల కిందే లెక్కగట్టి, లోపల ఏముందో చెప్పి తీరాలంటారు. రంగూన్ డబ్బామీద అందులో సగం మాటలు కూడా లేవు. మన డబ్బామీద గులాబీ ఒక్కటే మిగిలింది. ధరలు విచారిస్తే అవి సరిగ్గా తిరగబడి ఉన్నాయి. లేబుల్ మీద మాటలు తగ్గేకొద్దీ ధర పెరిగింది. అక్కడ కూలిమనిషి కూడా కొనుక్కోగలిగినది, ఇక్కడ కొనాలంటే టీచరమ్మ నెలాఖరు దాకా కూరల్లో పొదుపు చెయ్యాలి.

ఈ పరిశోధనతో నాకు గర్వం తలకెక్కింది. జనానికి నేనే కళ్ళు తెరిపిస్తానని బయల్దేరాను. పాదరసం ఉందో లేదో తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది. క్రీమును ఆమ్లంలో కరిగించి, తోమిన రాగిముక్క వేస్తే, దానిమీద పాదరసం వెండిపూతలా దిగుతుంది. సంత రోజున అప్పలనాయుడి దుకాణం అరుగుమీద గాజుగ్లాసులో ఆ ఏర్పాటంతా చేశాను. ఆడవాళ్ళు మూగారు. విషం గురించి నాకు చేతనైన గ్రాంథిక భాషలో ఉపన్యసించి, ఒక పాత రాగి కానీ నాణెం ద్రవంలో వేశాను. కాసేపటికి పటకారుతో తీసి, గుడ్డతో తుడిచి, పైకెత్తి చూపించాను. నాణెం తళతళా మెరిసింది.

ఆడవాళ్ళందరూ మెడలు చాచి చూశారు. నా మాట గుండెల్లోకి దిగిందనుకున్నాను.

"ఓలమ్మో! నల్ల కానీని ఎండి సేసీసింది!" అంది ముందు వరసలో ఒక ముసలావిడ.

"రాగినే తెల్లగా సేసిందంటే మన మొకం ఏపాటి పిన్నీ?" అంది పక్కనున్న కోడలుపిల్ల.

"గవర్మెంటోళ్ళే వచ్చి సూపించేరంటే సరుకు ఒరిజినలే" అన్నారు వెనకనుంచి ఎవరో.

సాయంత్రం అయ్యేసరికి దుకాణంలో ఒక్క డబ్బా మిగల్లేదు. బుచ్చయ్యపేట నుంచి కూడా మనుషులు వచ్చి అడిగి వెళ్ళారట. కంపెనీవాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న ఏజెంటు కూడా అంత అమ్మి ఉండడు. అప్పలనాయుడు చేతులు నలుపుకుంటూ, "నానేటి సెయ్యలేదండి బాబూ. మీరే సేసేరు" అన్నాడు. నిజమే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సువార్తమ్మ సంగతి గుర్తొచ్చి భయం వేసింది. ఇప్పుడు ఊళ్ళో ఎందరు సువార్తమ్మలు తయారవుతారో నాకే తెలియదు.

మిగిలిన దారి ఒకటే. మంగుకు మందని చెప్పి అమ్మితే కొన్నానని ఆవిడ వాఙ్మూలం ఇస్తే చాలు, కొత్త సరుకు దిగేలోగా కేసు నిలబడుతుంది. మర్నాడు డాక్టరుగారిని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. పిల్లల్ని వదిలేశాక ఆవిడ బెంచీమీద కూర్చుని నేను చెప్పేదంతా విన్నది. చెప్పులు పాదాలకు పట్టక, మడమలు బయటికి వేసుకుని ఉంది.

"మందని ఎవరు సెప్పేరండీ? తెల్లగా అవుదామని కొనుక్కున్నాను. సిన్నప్పట్నించీ నల్లపిల్ల, నల్లగుంట అని పిలిపించుకున్నాను. బైబిలు మీద సెయ్యేసి అబద్ధం ఆడమంటారేటండి?"

చట్టం చేసిన పెద్దలు ఇలాంటి ఊరు ఒకటి ఉంటుందని ఊహించి ఉండరు. ఇక్కడ అమ్మేవాడూ నిజమే చెబుతాడు, కొన్నావిడా నిజమే చెబుతుంది. ఇద్దరి నిజాల మధ్య నా లక్కముద్ర దేనికీ పనికిరాలేదు. సంచిలోని అమెరికా డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇంగ్లీషు చదవగలదు. వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివింది. ఆఖరి వరస దాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. తన డబ్బా తెప్పించి, రెంటినీ పక్కపక్కన పెట్టి మూతలు తీసి వాసన చూసింది.

"ఒకటే సరుకు కదండీ. ఆళ్ళకైతే రాసేరు. మనకెందుకు రాయలేదండీ?"

ప్రభుత్వం నాకు జీతమిస్తున్నది ఆ ప్రశ్నకు జవాబు కోసమేనని అప్పుడు తట్టింది.

అమెరికా డబ్బా ఆవిడే ఉంచుకుంది. మరుసటి సంతకు నేను టోపీ లేకుండా వెళ్ళి బెల్లం బస్తాల పక్కన నిలబడ్డాను. కొత్త సరుకు అరుగుమీద పేర్చి ఉంది. సువార్తమ్మ వచ్చింది. అమెరికా డబ్బామీది మాటల్ని పిల్లలకు పాఠం చెప్పినట్టు తెలుగులో చదివింది. ఎవరో నవ్వారు. అప్పుడావిడ మెట్టుమీద కాలు పెట్టి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, బొటనవేలితో పిక్కముందు ఎముకమీద గట్టిగా నొక్కి తీసింది. తడిపిన పిండిలో వేలు గుచ్చినట్టు అక్కడ గుంట పడింది. అది పూడలేదు.

"నేను నిండుగా ఉన్నానన్నారు కదా, ఇదిగో సూడండి. తెల్లగా అవుదామని రాసేను. ఇదే నిండు" అంది.

కోడలుపిల్ల ముందుకొచ్చి వంగి చూసింది. తన కొంగు ముడిలోంచి విప్పుతున్న డబ్బులు మళ్ళీ ముడేసుకుంది. అప్పలనాయుడు ఎవరూ చెప్పకుండానే డబ్బాలు లోపలికి తీయించాడు. తర్వాత ఆవిడ చేత ఆ తెలుగు మాటలు చీటీలమీద రాయించి, ప్రతి మూతమీదా గులాబీ కనపడకుండా అంటించాడు. అలా రాయాలని ఈ దేశంలో ఏ చట్టమూ అప్పటికి అడగలేదు. ఆ చీటీలతో ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదని, మొత్తం వెనక్కి పంపేశానని తర్వాత నాతో అన్నాడు.

క్రీము మానేశాక సువార్తమ్మ వాపు మెల్లగా తగ్గింది. డాక్టరుగారు మూత్రం కాచిన ప్రతిసారీ గడ్డ పలచబడుతూ వచ్చింది. మళ్ళీ చూసినప్పుడు ఆవిడ రంగు మునుపటిదే, చెప్పులు కాలికి సరిపోయాయి. సౌందర్య సాధనాలు మా చట్టంలోకి వచ్చేసరికి అరవైల దశకం వచ్చింది. అప్పటికి నాకు వేరే జిల్లాకు బదిలీ అయింది.

ఆ పర్యటన నివేదికలో 'తీసుకున్న చర్య' అన్న చోట 'లేదు' అని రాసి సంతకం చేశాను. నా ఉద్యోగంలో నేను రాసిన వాటిలో అంత కచ్చితమైన మాట ఇంకోటి లేదు. ఆ వ్యవహారం నేర్పింది ఇదీ: విషం ఉందని రుజువు చేయడం వేరు, అది ఎవరి ఒంట్లో ఏం చేస్తుందో చూపించడం వేరు. మొదటిది నాకు వచ్చు. రెండోది చెయ్యగలిగినావిడ తన కాలు తానే నలుగురిలో చూపించుకోవలసి వచ్చింది. అలా చూపించుకోవలసిన అవసరం ఎవరికీ రాకుండా చూడడమే ఇన్‌స్పెక్టరు పని. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఏ విదేశీ డబ్బా చేతికొచ్చినా, అది సొంత దేశంలో అమ్మేటప్పుడు మూతమీద ఏం రాస్తారో ముందు కనుక్కునేవాణ్ణి.