బైరప్ప తట్టిన గోడలు

బైరప్పకు ఒకటే అలవాటు. రాయి కనబడితే తట్టాలి. ఏదో దారిన పోతూ తట్టడం కాదు. కుడిచేతి మధ్యవేలు మడిచి, కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరు రోగి గుండె విన్నట్టు వింటాడు. విన్నాక తీర్పు చెబుతాడు. తీర్పు వచ్చేదాకా పక్కనున్నవాళ్ళు కదలకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే మళ్ళీ మొదటినుంచి తడతాడు.

ఇది ఊరికే వచ్చిన అలవాటు కాదు. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో ఆయన ముప్పై నాలుగేళ్ళు మేస్త్రీగా చేశాడు. అక్కడ బండను కోసేముందు సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే నిండు రాయి. మొద్దుగా పలికితే లోపలెక్కడో పగులుంది, కంటికి కనబడదు. పనిలోంచి దిగిపోయాక సుత్తి పోయింది, చెవి మాత్రం మిగిలిపోయింది. కూతురు రాణికి సంబంధం చూడ్డానికి పోయినప్పుడు, అబ్బాయిని ఒక్క ప్రశ్నయినా అడగకుండా వాళ్ళ వాకిట్లో రాతిస్తంభం తట్టి, ఖాయం చేసుకుందామని లేచి వచ్చేశాడు. అల్లుడు కుమార్ ఇప్పటికీ తన పెళ్ళి స్తంభం మంచిదవడంవల్ల జరిగిందనే అందరికీ చెబుతుంటాడు.

ఇలాంటి మనిషిని తీసుకుపోయి, ఊరంతా రాతితోనే కట్టిన దేశంలో వదిలిపెడితే ఏమవుతుందో మేము చూశాం.

మా మదనపల్లెలో లక్ష్మీపతి అని ఒకతను యాత్రలకు మనుషుల్ని తీసుకుపోతుంటాడు. ఇన్నాళ్ళూ కాశీ, రామేశ్వరం తిప్పినవాడు, రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి స్కాట్లాండ్ అన్నాడు. ఇరవై రెండు మందిమి కదిలాం. విత్తనాల అంగడికి తాళంపెట్టి నేనూ, మా ఆవిడ మాధవీ అందులో చేరాం. బైరప్పను రాణి పంపించింది. ప్రయాణానికని బూట్లు కూడా ఆమే కొనిచ్చింది. లేసులు కట్టడం తనకు యాడొస్తాదని ఆయన అంటే, లేసుల్లేనివే చూసి తెచ్చింది. ఆ బూట్లను విమానంలో ముందు సీటువాడికీ వెనక సీటువాడికీ కాలెత్తి చూపించాడు.

మాతో వచ్చినవాళ్ళలో పుంగనూరు రాజేశ్వరి టీచరు ఒకామె. సోషల్ చెప్పి రిటైరయ్యారు. కోటల గురించి పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి, గుర్రంకొండ తప్ప ఇంకో కోట ఎక్కలేదని, ఎడింబరో కోట మీద నిలబడి కిందికి చూడాలని వచ్చారు. ఆమెకు మనసు ఎడింబరోలో ఉంది, మోకాళ్ళు మాత్రం పుంగనూరులోనే ఆగిపోయాయి. మొదటి రోజు గ్లాస్గోలోనే లక్ష్మీపతి అది కనిపెట్టాడు.

"మేడం, కోట కాడ ఎక్కుడు చానా ఉండాది. మీరు బస్సులో కూర్చోండి. లేకుంటే చక్రాల కుర్చీ చెప్పిస్తా."

"కుర్చీలో కూర్చోని పాఠం గూడా చెప్పలేదప్పా నేను. నడిచే వస్తా."

"అందరితో సమానంగా నడిస్తే రాండి మేడం. ఎనకబడితే మాత్రం బస్సే. టికెట్టు మీద టైము ఏసుంటారు. ఒకరికోసం ఇరవై ఒక్కమంది కోట పోగొట్టుకోలేరు గదా."

టీచరు సరేనన్నారు. ఆ సరేలో ఉన్న భయం మాకెవరికీ వినబడలేదు.

గ్లాస్గోలో మేము చూడవలసినవి వీధుల నిండా నాలుగంతస్తుల రాతి ఇళ్ళు. ఎర్రరాయివి కొన్ని, తేనెరంగువి కొన్ని, వంద నూటయాభై ఏళ్ళ నుంచి భుజం భుజం రాసుకుని నిలబడ్డాయి. గైడు వాటి చరిత్ర చెబుతుంటే బైరప్ప మూడో ఇంటి గోడకు చెవి పెట్టేశాడు. అందరం ఆగాం. "ఇసక రాయి," అన్నాడు చివరికి. "మెత్తన. దీన్ని ఉలి ల్యాకుండా మాటల్తోనే సెక్కచ్చు." ఇంకో యాభై అడుగులకు మళ్ళీ తట్టాడు. ఇదీ ఇసక రాయే. అది ముందే తెలుసు కదా అంటే, ఇంటింటికీ మనిషి వేరైనట్టు రాయి వేరుగా ఉంటుందన్నాడు.

సాయంత్రం గైడు ఒక పాత పబ్బుకు తీసుకుపోయాడు. బైరప్ప తాగుడు మాని పన్నెండేళ్ళయింది. కానీ ఆ కౌంటరు మీద పరిచింది రాతిపలక. ఊరుకుంటాడా? మూడుసార్లు తట్టాడు. కౌంటరు వెనకాల మనిషి తలూపి ఒక గ్లాసులో విస్కీ పోసి ముందుపెట్టాడు. బైరప్ప దాన్ని పక్కకు జరిపి మళ్ళీ తట్టాడు. రెండో గ్లాసు వచ్చింది. కొంచెం ఎడంగా జరిగి తట్టాడు. మూడోదీ వచ్చింది. అప్పుడు తలెత్తి, కళ్ళనిండా నీళ్ళతో నావైపు చూశాడు.

"యెంకటేశులప్పా, ఇది మన కుప్పం రాయి."

ఎవరూ నమ్మలేదు. నేను మాత్రం నమ్మినట్టు తలూపాను. పోసిన గ్లాసులు పారబోస్తే వాళ్ళు నొచ్చుకుంటారేమోనని, వాటిని తాగే బాధ్యత కూడా నేనే తీసుకున్నాను. నాకు అలవాటు లేదని ఇరవై ఆరేళ్ళుగా నమ్ముతున్న మాధవి, మూడో గ్లాసు దించేదాకా ఒక్క మాటా అనలేదు. తర్వాత నాలుగు రోజులు కూడా అనలేదు.

మూడు రోజుల తర్వాత స్టిర్లింగులో ఇంకో కథ. కోటకు పోయే ఎక్కుడు వీధిలో బైరప్ప ఒక ఇంటి గోడ తడుతుంటే, తలుపు తీసుకుని ఒక ముసలమ్మ బయటికొచ్చింది. ఎవరో పిలుస్తున్నారనుకుంది పాపం. బైరప్ప గోడను చూపించాడు, చెవిని చూపించాడు, బొటనవేలెత్తి గోడ బాగుందన్నట్టు సైగచేశాడు. ముసలమ్మ మురిసిపోయింది. లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసి, టీ ఇచ్చింది. ఆ కుర్చీలో రాజేశ్వరి టీచరు కూర్చుని, టీ తాగి, చాలాసేపటికి లేచారు. గోడ తట్టినవాడు నిలబడే ఉన్నాడు. అదేమిటో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. స్టిర్లింగు కోటలో సగం చూసేసరికే బస్సు వేళయింది, నేను మండిపడుతున్నాను.

ఇక్కడ నా సంగతి చెప్పుకోక తప్పదు. ఆ రాత్రి భోజనాల దగ్గర బైరప్ప మీద ఫిర్యాదు లేవదీసింది నేనే. ఆయన ఇట్లాగే తడుతూ పోతే రేపు ఎడింబరో కోట కూడా దాటిపోతుందన్నాను. పదకొండున్నరకు లోపలికి పోకపోతే టికెట్లు పనికిరావని లక్ష్మీపతి వంతపాడాడు. చర్చ జరిగి తీర్మానం అయింది. బైరప్పకు రోజుకు మూడు గోడలు. నాలుగోది తడితే ఆయన బస్సులో కూర్చోవాలి.

బైరప్ప ప్లేటులో చెయ్యిపెట్టుకుని అంతా విన్నాడు. "మూడేనా అప్పా?" అని ఒక్కసారి అడిగాడు. నేను మూడేనన్నాను. ఆయన నావైపు కాక, బల్ల చివర అన్నం కలుపుకుంటున్న టీచరు వైపు చూశాడు. దేనికని నేను అడగలేదు.

ఎడింబరోలో కోట కొండమీద ఉంటుంది. అక్కడికి పోయే పాత వీధి మైలు పొడవు, పొడవంతా ఎక్కుడే. రెండుపక్కలా మసిబారిన ఎత్తయిన ఇళ్ళు, వాటి మధ్యలో ఒక మనిషి మాత్రమే పట్టే సందులు, కింద పాలిష్ పట్టిన గుండ్రాళ్ళు. వీధి చూపించాలని లక్ష్మీపతి మమ్మల్ని దాని అడుగునే దింపి, జెండా పట్టుకుని ముందు నడిచాడు. పది ముప్పావు అయింది.

బైరప్ప మొదటి గోడ తొందరగానే తట్టేశాడు. రెండోది ఒక సందు మొదట్లో. మూడోది ఒక చర్చి గోడ. అప్పటికి సగం దూరమే వచ్చాం. "ముందరికి నడుసు బైరప్పా, నీ మూడు గోడల కోటా అయిపోయింది," అన్నాను, మంచి పాలనాధికారిలాగా.

ఇంకో వంద అడుగులు పోయామో లేదో, ఆయన తుమ్మాడు. ఒకటి కాదు, ఏడు తుమ్ములు. అన్నీ అయ్యేదాకా అందరం నిలబడ్డాం. ఆ తర్వాత కళ్ళజోడు పోయిందన్నాడు. అందరం గుండ్రాళ్ళ మీద వెతికాం. అది ఆయన జేబులోనే దొరికింది. ఇంకొంచెం పైకి పోయాక నడివీధిలో మోకాలిమీద కూర్చుని, బూటు లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

"అన్నా, బిరీన కానీ. టైము పదకొండు దాటింది," అని లక్ష్మీపతి పైనుంచి కేకేశాడు.

"కట్టుకుంటాండాను సార్. జారిపోతాండాది," అన్నాడు బైరప్ప వంగినచోటునుంచే.

నేను మీదికి పోయి నాలుగు మాటలు అందామని వంగాను. ఆయన వేళ్ళు గాలిలో ముడులు వేస్తున్నాయి. ఆ బూట్లకు లేసులు లేవు.

ఆయన కళ్ళు బూటుమీద లేవు. నా మోకాళ్ళ పక్కగా వెనక్కి, కిందికి చూస్తున్నాయి. నేనూ తిరిగి చూశాను. ముప్పై అడుగుల కింద రాజేశ్వరి టీచరు ఒక అంగడి గోడ పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నారు. పీల్చుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వచ్చి మాలో కలిశారు. అప్పుడు బైరప్ప లేచాడు.

గ్లాస్గోలో, స్టిర్లింగులో, ఆయన తట్టిన ఒక్కొక్క గోడా నాకు వరసగా గుర్తొచ్చింది. ఆ కుర్చీ గుర్తొచ్చింది. రోజుకు మూడేనని నేను ఎంత గట్టిగా చెప్పానో కూడా గుర్తొచ్చింది. ఒకళ్ళు వెనకబడ్డారని లక్ష్మీపతికి తెలియాలంటే మిగతావాళ్ళు ముందుకు పోవాలి కదా. ఈయన మమ్మల్ని పోనిస్తేనా.

టైము పదకొండుంపావు. కోట వాకిలి ఎదురుగా కనబడుతోంది. మిగిలింది చిన్న ఎక్కుడే, కానీ అన్నిటికంటే నిటారుగా ఉంది. టీచరు మొహం పాలిపోయి ఉంది. బైరప్ప దగ్గర ఇక తుమ్ములు లేవు, కళ్ళజోడు లేదు. నాలుగో గోడ తడితే ఆయన బస్సులో కూర్చోవాలి. తీర్మానం నాదే.

నేను పోయి పక్కనున్న గోడను తట్టాను. మూడుసార్లు. చెవి కూడా పెట్టాను. నాకేమీ వినబడలేదు, చెవి మాత్రం చల్లబడింది.

"బైరప్పా, ఈ రాయి మింద నాకు అనుమానంగా ఉండాది. ఒగసారి ఈడికి రా."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. "నా మూడూ అయిపోయినాయి గదప్పా."

"ఇది నాది. నా మూడూ అట్లే ఉండాయి."

మాధవి నావైపు చూసింది, వెనక్కి చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారిగా నోరు విప్పింది. "నావి గూడా మూడు ఉండాయి," అని వచ్చి పక్క గోడ తట్టింది. లక్ష్మీపతి జెండా దించి, మమ్మల్ని వరసగా చూసి, ఊరినుంచి తెచ్చినవాళ్ళందరికీ ఒకేసారి ఏదో పట్టిందనుకున్నాడు.

పదకొండూ ఇరవై ఎనిమిదికి ఇరవై రెండు మందిమీ వాకిలి దాటాం. టీచరు తన కాళ్ళమీద దాటారు.

పైన ఫిరంగుల పక్కన నిలబడి ఆమె ఊరంతా చూశారు. పాత ఊరు ఒకవైపు, గీతగీసినట్టు కట్టిన కొత్త ఊరు ఒకవైపు, దూరాన సముద్రం. తర్వాత తల తిప్పకుండానే అన్నారు.

"బైరప్పా, ముప్పై ఏండ్లు పిల్లోళ్ళ దొంగ తుమ్ములు ఇన్నదాన్ని నేను."

బైరప్ప బూట్లవైపు చూసుకున్నాడు. "క్వారీలో అట్లే సేస్తామమ్మా. పదిమంది రాయి మోస్తాంటే ఒకడు అలిసిపోతాడు. వాన్ని నిలబడమంటే వాడికి సిన్నతనం. మేస్త్రీ నిలబడి రాయి తడితే, అందరూ నిలబడతారు."

"మరి ఆ రాళ్ళకు చెప్పిన తీర్పులన్నీ?"

"అయ్యి మాత్రం నిజమేనమ్మా," అన్నాడు కొంచెం నొచ్చుకుని. వెనక్కి తిరిగి కోట నిలబడ్డ నల్లబండను మూడుసార్లు తట్టి, చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ టైము చూడలేదు. "మన సుట్టమే," అన్నాడు.

మొన్న వేసవిలో మేమంతా కలిసి హార్స్‌లీ హిల్స్ పోయాం. బండలమీదుగా పైకి నడుస్తున్నాం. టీచరు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ముందు నడుస్తున్నారు. పక్కన మాధవి. సగం దారిలో బైరప్ప ఆగిపోయి, ఒక బండను తట్టి, చెవి ఆనించాడు. అందరూ నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది. ఇక్కడ ఎవరికోసం తడుతున్నాడీ మనిషి?

"ఎట్లుండాది రాయి?" అన్నాను.

"బాగనే ఉండాది. అయినా ఇంకొంచేపు ఇనాల. నువ్వు కూకోప్పా."

కూర్చున్నాను. కూర్చున్న తర్వాత గమనించాను, అక్కడ రొప్పుతున్నది నేనొక్కడినే. బైరప్ప చెవి బండకు ఆనించే ఉంది. ఒక కన్ను మూసుకుని ఉంది. రెండోది నామీద ఉంది.