బెంచీ మీద రెండు దెబ్బలు

నేను ధవళేశ్వరంలో టీచర్ని. ఆదివారాలు రాజమండ్రిలో మా లూథరన్ చర్చి క్వయర్‌లో పాడతాను. పోయిన ఏడాది మా క్వయర్ మాస్టారు గుడ్ ఫ్రైడే కోసం రెండు వందల ఏళ్ల నాటి లాటిన్ పాట ఒకటి నేర్పడం మొదలుపెట్టారు. చనిపోయినవారికి నిత్యవిశ్రాంతి ఇమ్మని దేవుణ్ణి వేడుకునే పాట అది. మాటలన్నీ తెలుగు అక్షరాల్లో మా నోటు పుస్తకాల్లో ఆయనే రాసిచ్చారు.

మగవాళ్లు పాట ఎత్తుకున్నాక, సరిగ్గా తాళం లెక్క చూసుకుని మేం ఆడవాళ్లం ఆరుగురం అందుకోవాలి. ఎప్పుడూ తడబడేవాళ్లం. అందుకే మేం అందుకోవాల్సిన చోటు రాగానే ఆయన ఉంగరం వేలితో బెంచీ మీద రెండుసార్లు కొట్టేవారు.

"ఆరాధనలో కొట్టనండోయ్, లెక్క నేర్చుకోండి" అనేవారు. మేం నేర్చుకోలేదు.

గుడ్ ఫ్రైడే రాకముందే మాస్టారు పోయారు. ఆ పాట చివరికి ఆయన జ్ఞాపకార్థ కూడికలో పాడాల్సి వచ్చింది. మా చోటు వచ్చింది. బెంచీ మీద చప్పుడు లేదు. ఆరుగురం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం. కీబోర్డు ఆగింది. చర్చి నిండా జనం. నాకు తల కొట్టేసినట్టయింది.

కీబోర్డు మళ్లీ మొదలైంది. మా చోటు దగ్గరపడగానే, ముందు వరసలో కూర్చున్న మాస్టారి భార్య తల ఎత్తకుండానే బెంచీ మీద రెండుసార్లు కొట్టారు. మేం అందుకున్నాం.

తర్వాత ఆవిడ చేతులు పట్టుకుని, "మీకెలా తెలుసండీ?" అని అడిగాను.

"అన్నం తినేటప్పుడు కూడా బల్ల మీద మీకోసమే కొట్టుకుంటూ పాడేవారమ్మా. ఇక చాలించండి అని విసుక్కునేదాన్ని" అన్నారు.

ఇప్పుడు లెక్క తప్పకుండా అందుకుంటున్నాం. ఆ సంగతి చెబుదామంటే మాస్టారు లేరు.