పోర్టూ, అత్తగారి దిష్టీ

గ్రీసు దేశంలోని వోలోస్ ఊళ్లో బేకరీలో పనిచేసే ఎవాంథియాకి ఒళ్ళు మండడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. అత్తగారు పొలిక్సేని గదిలోకి తొంగిచూస్తే చాలు.

ఎవాంథియా కొడుకు అర్గిరిస్‌కి హిమోఫీలియా. రక్తం ఓ పట్టాన గడ్డకట్టదు, ఏ దెబ్బా లేకుండానే కీళ్ళలోకి దిగి మోకాలు వాచిపోతుంది. అందుకని రోజు విడిచి రోజు మందు నరంలోకి ఎక్కించాలి. ఆ నరాలా, దొరికి చావవు! నలుగురు పట్టుకుంటే వాడు పెట్టే కేకలకు తల్లి ప్రాణం ఉసూరుమనేది. చివరికి డాక్టర్లు ఛాతీ దగ్గర చర్మం కింద పోర్టు అనే చిన్న డబ్బీ అమర్చారు. అందులోకి సూది గుచ్చితే మందు నేరుగా పెద్ద నరంలోకి పోతుంది. మొదటి పోర్టుకు చీము పట్టి తీసేశారు. ఇది రెండోది. ఇదీ పోతే మళ్ళీ చేతుల్లో నరాల వేటే.

ఆ భయంతోనే ఎవాంథియా చేతులు అరిగేలా కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, వాడి ఛాతీని క్రిములు చంపే మందుతో తుడిచింది. సరిగ్గా అప్పుడే ముసలావిడ వాడి మీదికి వంగింది.

"నా బంగారుకొండకి ఎవరి కళ్ళూ పడకూడదు! ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!"

"అత్తయ్యా! ఇప్పుడేగా శుభ్రం చేసి చచ్చాను!"

"దిష్టికి ఉమ్మితే తప్పా? నా పిల్లలందర్నీ ఇలాగే పెంచాను."

"మీ పిల్లల ఛాతీలో డబ్బీలున్నాయా?"

"లేవు. ఈ రోగం మా వైపుది కాదుగా!"

ఆ మాట ఎవాంథియా గుండెల్లో గుచ్చుకుంది. జబ్బు తన రక్తంలోంచే వచ్చిందని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అత్తగారిని బయటికి పంపి ధడాలున తలుపేసింది. మళ్ళీ మొదటినుంచీ చేతులు కడిగింది, ఛాతీ తుడిచింది, సూది తీసింది.

అర్గిరిస్ రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టేశాడు. "నానమ్మ మళ్ళీ ఉమ్మలేదు! దిష్టి తగుల్తుంది! నాకొద్దు!"

"ఓరి నీ దుంప తెగ, కదలకురా!"

కదిలాడు. సూది పక్కకి జారి గ్లవ్స్‌కి తగిలింది. ఇంకో వెంట్రుకవాసి అయితే ఏమయ్యేదో! ఎవాంథియాకి ఏడుపొచ్చింది. ఆ సూది పారేసి, వెళ్ళి తలుపు తీసింది.

"రండి. ఉమ్మండి, మీ కసితీరా. మీ పని అయ్యాకే నా పని."

పొలిక్సేని తనివితీరా ఉమ్మింది. వాడు బుద్ధిగా పడుకున్నాడు. ఎవాంథియా కొత్త గ్లవ్స్ వేసుకుని, మందు గుడ్డతో గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"అంతా తుడిచేస్తే ఇంక మిగిలేదేముందే?" అంది ముసలావిడ ఉక్రోషంగా.

"మీ మనవడు, అత్తయ్యా."

పొలిక్సేని వాడికి తన ఊపిరి తగలకుండా మొహం గోడవైపు తిప్పుకుని, వాడి పాదం పట్టుకుంది.