రాణి కనిపించే దడి

మొన్న అఫ్జల్‌గంజ్ దాటి మూసీ ఒడ్డున నడుస్తుంటే ఎవరో పచ్చి వెదురు చీలుస్తున్న వాసన వచ్చింది. కొంచెం చెరుకు, కొంచెం తడిమట్టి కలిసినట్టుండే ఆ వాసన తగిలితే ఇన్నేళ్ల తర్వాత కూడా నా కాళ్లు ఒకచోట నిలవవు. ఇంటికి పరుగెత్తి, దడి నిలిచిందో కూలిందో చూడాలన్న తొందర పుడుతుంది.

నిజాం పాలన ఇంకా నడుస్తున్న ఆ రోజుల్లో లాల్‌దర్వాజాలో మాది కిరాయి ఇల్లు. రెండు గదులు, వాటి ముందు నాలుగు బర్రెలు నిలిచే వాకిలి. నానబెట్టిన తెలకపిండి, పచ్చిగడ్డి, పేడ, పొయ్యి మీద బెల్లం వేసి వండుతున్న జున్ను, అన్ని వాసనలూ కలిసి మా ఇంటికి ఒకే వాసనగా ఉండేవి. ఆషాఢం వస్తే గోరింటాకుతో ఎర్రబడ్డ చేతులతో అరుగు మీద కచ్చకాయలు ఆడేవాళ్లం, కాల్చిన మక్క కంకులు ఒడిలో పోసుకుని. మా బాపు పాలవాడు. పాలల్లో నీళ్లు కలుపుతారని అనుమానపడే ఇళ్లు కొన్ని ఉండేవి. వాళ్ల కోసం బాపు రోజూ పొద్దున మా పెద్ద బర్రె రాణిని గల్లీల వెంట నడిపించుకుని పోయి, వాళ్ల గడప ముందే, వాళ్ల కళ్ల ముందే పాలు పిండి ఇచ్చేవాడు.

రాణిని పశువుల అంగడిలో కొన్న రోజున దాని వెనకే ఒక కుక్క కూడా వచ్చిందట. అమ్మినవాడు నవ్వి, "దీని పాలు తాగే పెరిగింది, తీసుకపో" అన్నాడట. అదే షేరు. నిలబడితే నా భుజాన్ని అందుకునేది, దూడంత ఒళ్లు, తోక ఊపితే చెంబులు దొర్లిపడేవి. ఎవరినీ కరిచిన పాపాన పోలేదు. రాణి బయటికి పోయినంతసేపూ పాత తలుపు పగులు దగ్గర మూతి పెట్టి పడుకునేది. ఎందుకలా పడుకుంటుందో మేమెవరం ఆలోచించలేదు.

ఆ ఏడు రెండు పెద్ద వానలకే వాకిటి మట్టిగోడ, దాంతోపాటు ఆ తలుపూ కూలిపోయాయి. మర్నాడే షేరు మట్టికుప్ప మీది నుంచి దూకి రాణి వెంట పడింది. దారిలో ఎదురింటి నర్సమ్మత్త నీళ్లకుండ పగిలింది. తాడుతో కడితే కొరికింది, గొలుసు వేస్తే గుంజి గుంజి మెడ చుట్టూ పుండు చేసుకుంది.

"సాయన్నా, బోనాలు పది దినాలున్నయ్. నా నెత్తిమీద బోనం ఉన్ననాడు గిది మీదికి ఉరికితే ఏం గావాలె? దాన్ని ఆపుతవా, ఇడిసిపెట్టొస్తవా?" అని నిలదీసింది నర్సమ్మత్త.

"దడి కడుత నర్సక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు.

ఏ దడి కట్టాలన్నదే లొల్లి. తుమ్మకంప పెడదామంటే బర్రెల పొదుగులకు ముళ్లు గీసుకుంటాయని అమ్మ ఒప్పుకోలేదు. షాబాదు బండలు నిలబెడదామంటే ఇల్లు మాది కాదు, యజమాని ఒప్పుకోలేదు. చివరికి వెదురు తడక అనుకున్నారు. అది ఎలా ఉండాలో చెప్పింది నేను. నాకు అప్పుడు పన్నెండేళ్లు.

నేను బడికి పోయింది రెండేళ్లే. మిగిలిన చదువంతా మా గల్లీ చివర ఉన్న చిన్న తెలుగు గ్రంథాలయంలో అబ్బింది. అక్కడి పెద్దాయనకు చాయ కోసం రోజూ పాలు ఇచ్చి వచ్చేదాన్ని. ఆయన పాలు వంపుకుని చెంబు కడిగి ఇచ్చేలోపు బల్ల మీద ఏ పుస్తకం తెరిచి ఉంటే అది చదివేసేదాన్ని. వైద్యం, భూగోళం, రాజుల కథలు, ఏదైనా సరే, దొరికినంత. ఆ వారం తెరిచి ఉన్న పుస్తకంలో దడి గురించే రాసి ఉంది: దడి సందులు లేకుండా ఉండాలనీ, బయట కనిపించకపోతే జంతువుకు బయటికి పోవాలన్న కోరికే పుట్టదనీ. చెంబు ఊపుకుంటూ ఇంటికి పరుగెత్తాను.

మేదరి ఎల్లయ్య తాత అప్పటికే వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు.

"నడుమ సందులు ఇడుస్త, గాలి ఆడుతది" అన్నాడు.

"వద్దు తాతా! దగ్గరదగ్గర అల్లి మట్టి మెత్తాలె. పుస్తకంల ఉంది."

"ఆ పుస్తకం రాసినాయన కుక్కను సాదిండా బిడ్డా?"

బాపు నా తల మీద చెయ్యి వేశాడు. "నా బిడ్డ చదివింది. గట్లనే అల్లు" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

అమ్మా నేనూ మట్టి, పేడ కలిపి తడకంతా మెత్తాం. నిలువెత్తు దడి, చీమ దూరే సందు లేదు. మర్నాడు బాపు రాణిని తీసుకుని పోగానే షేరు దడి వెంట ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడం మొదలుపెట్టింది. గిన్నెలో జున్ను పెట్టినా మూతి పెట్టలేదు. మూడోనాటికి దడి పొడుగునా దాని అడుగుల దారి పడింది. దాని వెంట నేనూ తిరిగాను, ఆగితే ఏదో అయిపోతుందన్నట్టు. నాలుగోనాడు అది దడి కింద తవ్వి, గోళ్లు చిట్లిన కాళ్లతో బయటపడింది. ఎదురింటి అరుగు మీద సున్నం పూసి ఆరబెట్టిన కొత్త బోనం కుండ ముక్కలైంది.

నర్సమ్మత్త ఈసారి అరవలేదు. "ఐతారం నాటికి ఇది ఈ గల్లీల ఉండొద్దు సాయన్నా" అంది, అంతే. శంషాబాదు పోయే బండివాడితో బాపు మాట్లాడి వచ్చాడు. శనివారం వచ్చి షేరును తీసుకుపోతానన్నాడట.

గ్రంథాలయానికి పరుగెత్తి ఆ పుస్తకం అడిగి తీయించాను. ఈసారి పేజీ పైన చూశాను. ఆ అధ్యాయం మేకల గురించి.

ఇంటికి వచ్చి, పాత తలుపు ఉన్నచోట దడి పక్కన, షేరు పడుకునే తావులో నేనూ బోర్లా పడుకున్నాను. మొహం ముందు నేను మెత్తిన మట్టే. ఇక్కడ పగులు ఉన్నప్పుడు దీనికి ఏం కనిపించేదో అని లేచి, బోర్లించిన గంప ఎక్కి దడి మీది నుంచి తొంగిచూశాను. గల్లీ మలుపు దాకా సాఫ్‌గా కనిపించింది, రోజూ రాణి తిరిగి వచ్చే మలుపు.

"బాపూ, నేను తప్పు జెప్పిన. అది మేకల ముచ్చట. దీనికి రాణి కనిపించాలె."

బాపు లోపలికి పోయాడు. కొడవలి తెచ్చి, "ఎక్కడ తెరుద్దాం?" అన్నాడు. మోకాలి ఎత్తున, మూరెడు పొడుగున నేనే మట్టి గీకాను, ఆయన వెదురుబద్దలు కోశాడు. దడి కింద బండరాళ్లు పాతాం. శుక్రవారం షేరు ఆ సందులో మూతి పెట్టి పడుకుంది. శనివారమూ లేవలేదు. వచ్చిన బండివాణ్ని బాపు, "రేపటి దాక ఆగు భాయ్" అని పంపించాడు.

ఆదివారం గల్లీ అంతా వేపాకు, పసుపు, డప్పులు. పండగనాడు పాలు ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి బాపు పొద్దున్నే పోయాడు. తిరిగి వచ్చేసరికి జనం నిండిపోయి, రాణిని పట్టుకుని మలుపు దగ్గరే ఒక చూరు కింద ఆగిపోయాడు. షేరు మూతి సందులో, నా చెయ్యి దాని మెడ మీద. బోనాల ముందు నడిచే పోతరాజు కొరడా ఝళిపిస్తూ పోయాడు. షేరు కదల్లేదు. తర్వాత నర్సమ్మత్త, నెత్తిన బోనం, దాని మీద దీపం, సరిగ్గా మా దడి ముందుకు వచ్చి అనుమానంగా ఆగింది. నా చేతి కింద షేరు మెడ బిగుసుకుంది, లోపల గురగుర మొదలైంది.

నా గొంతు నాకే వినిపించింది: "అత్తా, జర పక్కకు జరుగు. నువ్వు అడ్డమున్నవ్, దానికి రాణి కనిపిస్తలేదు."

డప్పులు మోగుతూనే ఉన్నాయి. నర్సమ్మత్త మెడ తిప్పకుండా కళ్లు మాత్రం మలుపు వైపు తిప్పి బర్రెను చూసింది, మళ్లీ సందులోని మూతిని చూసింది.

"ఏందే చదువులమ్మా, కుక్కకు తొవ్వ ఇయ్యాల్నా నేను?" అంది. అంటూనే, దీపం వణకకుండా, ఒక అడుగు పక్కకు వేసింది.

షేరు దవడ మళ్లీ సందు అంచుకు ఆనింది.

అది ఇంకా ఏడేళ్లు బతికింది. దాని దవడ ఆనిన చోట వెదురు నున్నగా, నల్లగా మెరిసేది. ఇప్పుడు ఆ గల్లీలో వాకిళ్లు లేవు, గడప ముందు పాలు పిండేవాళ్లు లేరు. గేట్లకు రేకులు కొట్టి ఉంటాయి. లోపల ఎక్కడో ఒక కుక్క అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు మాత్రం అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే నేను నడక వేగం పెంచుతాను.

మొన్న వెదురు చీలుస్తున్నతను తలెత్తి, "తడక గావాల్నా అమ్మా? సందులు ఇడువాల్నా, మూసెయ్యాల్నా?" అని అడిగాడు.

"మోకాలి ఎత్తున ఒక సందు ఇడువు" అన్నాను, ఆలోచించకుండానే. అతను కొలత అడిగేదాకా, నాకు వాకిలే లేదన్న సంగతి గుర్తుకు రాలేదు.